చిలకమ్మ ఆగినంతసేపు

కృష్ణానగర్‌లో జగదాంబ మెకానిక్ షెడ్డు షట్టరు లేస్తేనే తెల్లారినట్టు లెక్క. ఆ చప్పుడుకి నాలుగు గల్లీల డాన్సర్లూ ఉలిక్కిపడి లేచేవారు, వాళ్ళతోపాటు సూర్యుడూ లేచేవాడు. అరవై ఏళ్ళ జగదాంబ కొంగు నడుముకు బిగించి, కార్బురేటర్ల మధ్య స్టవ్ వెలిగించి టీ పెట్టేది. ఆ తర్వాత గడప బయట నిలబడ్డ రాములుకు గ్లాసు అందించేది.

రాములు సినిమాల్లో కార్లు నడుపుతాడు. హీరో నడిపాడనుకుని జనం ఈలలు వేసిన కార్లలో సగం, విగ్గు పెట్టుకుని నడిపింది అతనే. ఒంట్లో విరగని ఎముకలు రెండో మూడో మిగిలుంటాయి, అవి కూడా బిక్కుబిక్కుమంటూ బతుకుతున్నాయి. ముప్ఫై ఏళ్ళుగా పొద్దున్నే రహమత్ నగర్ నుంచి నడిచొచ్చి, షట్టరు అంచు పట్టుకుని, బయటే టీ తాగి పోతున్నాడు. ఒక్కనాడూ గడప దాటలేదు.

"లోపలికి రారాదయ్యా, పులి ఉన్నదా గీడ?"

"యాడ కూసోవాలె? ఉన్న రెండో స్టూలు మీద నీ రెంచీలు కూసున్నయి."

నిజమే. ఆ స్టూలు మీద రెంచీలు గోల్కొండ కోటంత ఎత్తు పేరుకున్నాయి. ఆమె తియ్యలేదు, అతను తియ్యమనలేదు.

ఇద్దరినీ కలిపేది ఒక్క చిలకమ్మ. ఆమె బాగుచేసేది, అతను నడిపేవాడు. అది చిలకపచ్చ రంగు పాత అమెరికా కారు. ఎవరో ఫైట్ మాస్టరు ఛేజింగుల కోసం దాని పైకప్పు కోయించి, బానెట్ పీకించి, వెనక పెద్ద చక్రాలు పెట్టించి, ఏనుగును మింగినంత ఇంజను బిగించాడు. గుర్రుమంటే బంజారాహిల్స్‌లో బాల్కనీల మీద ఆరేసిన చీరలు తీగలు మారేవి.

దానికి ఒక అలవాటు. యాక్సిలరేటర్ తొక్కగానే కదలదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంతసేపు ఆలోచిస్తుంది. అది ఆలోచిస్తున్నంతసేపూ చుట్టూ ఇరవై గజాల మేర అన్నీ ఆగుతాయి. పై నుంచి పోస్తున్న టీ గాల్లో తీగలా నిలబడుతుంది. హీరోయిన్ కన్నీటిబొట్టు చెంప మధ్యలో ఆగుతుంది. ఆటో మీటరు కూడా ఆగుతుంది, దానికి మాత్రం అందరూ సంతోషించేవారు. చేతులూ కాళ్ళూ ఆగుతాయి గానీ బుర్ర ఆగదు. ఆ మూడు అంకెల్లో మనసు మార్చుకున్న ఫిల్మ్‌నగర్ వాళ్ళు లక్షమంది ఉంటారు. చెంప మీద పడబోయిన చేతులు జుట్టు సవరించుకుని ఊరుకున్నాయి. "చిలకమ్మ ఆలోచిస్తోంది" అనుకుని, అది కదిలాక ఎవరి పని వాళ్ళు చేసుకునేవారు.

ఈ నెలలో మాత్రం లెక్క తప్పింది. ఒకసారి మూడు, ఒకసారి ఏడు. నిన్న పదకొండు దాకా వెళ్ళింది. ఒంటికాలు లేపిన నలభైమంది డాన్సర్లు అలాగే కొంగల్లా నిలబడి, పిక్కలు పట్టేసి, సాయంత్రానికి యూసుఫ్‌గూడ మందుల షాపులో బామ్ అనేదే లేకుండా చేశారు.

దాంతో నిర్మాత సృజన్ షెడ్డుకు వచ్చాడు. సమోసాల బండి పక్కన కూడా జావా నేర్పుతున్న రోజులవి. అతను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మేసి, జూబ్లీహిల్స్‌లో సినిమా ఆఫీసు తెరిచి, చిలకమ్మనూ కొనేశాడు. వెంట ముగ్గురు ఇంజనీర్లు, మూడు లాప్‌టాప్‌లు. వాళ్ళు వైరు పట్టుకుని, గల్లీలో నిలబెట్టిన చిలకమ్మ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేశారు. గుచ్చడానికి చోటు దొరకలేదు.

"పోర్ట్ లేదు సార్," అన్నాడొకడు దిగులుగా.

"దానికున్న పోర్టు ఒక్కటే బాబూ, పెట్రోలు పోసే మూతి," అంది జగదాంబ.

సృజన్ సూటిగా చెప్పాడు. "చూడండి జగదాంబ గారూ, రెండింటికి షాట్. వాటర్ ట్యాంకర్ రోడ్డు దాటగానే దాని తోకను రాసుకుంటూ కారు దూసుకుపోవాలి. ఇది ఎప్పుడు కదులుతుందో దానికే తెలీదు. రాములు గారు ట్యాంకర్ కింద పడితే నేనేం చెప్పాలి? అప్పటికి బాగవకపోతే స్క్రాప్ వాడొచ్చి తీసుకెళ్తాడు. కారు కంప్యూటర్‌లో గీయిస్తాం."

"గీసిన కార్ల నన్ను గూడ గీస్తరా సారూ?" అన్నాడు రాములు గడప బయట నుంచి. నవ్వుతూనే అన్నాడు గానీ సగం టీ వదిలేసి గ్లాసు గడప మీద పెట్టాడు. జగదాంబ అది చూసింది.

"జర ఊకో. పోయి బండిల కూసో," అంది.

ప్లగ్గులు విప్పింది. కాల్చిన రొట్టె రంగులో ఉన్నాయి, వాటి తప్పు లేదు. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు గీకి చూసింది, నిప్పు బాగానే ఉంది. ఇంజను ఆపించి, కార్బురేటర్ మీది ఫిల్టరు తీసి, బావిలో పడ్డ ఉంగరాన్ని వెతికినట్టు లోపలికి తొంగి చూసింది.

"తొక్కు రాములూ."

తొక్కాడు. తొక్కిన వెంటనే పెట్రోలు పిచికారీలా చిమ్మాలి. జలుబు ముక్కులా ఒక్క బొట్టు కారింది.

"దొరికింది దొంగ! ఇంజనుకు ఒక్కసారే గాలి దండిగ పోతున్నది, దానికి తగ్గ పెట్రోలు పోతలేదు. గందుకే నీళ్ళు నములుతున్నది."

కార్బురేటర్‌లో పెట్రోలు చిమ్మే చిన్న పంపు విప్పి, అడుగున ఉన్న తోలు వాషర్ బయటికి తీసింది. సైకిల్ పంపులో ఉంటుందే, అచ్చం అలాంటిదే. ఎండి, ముడుచుకుని, వెయ్యేళ్ళ ఖర్జూరంలా ఉంది. ఆమె దాన్ని వేళ్ళ మధ్య నొక్కి చూసింది. వెంటనే గల్లీ ఆగింది. ఇంజనీర్ల వేళ్ళు కీబోర్డుల మీద లేచినవి లేచినట్టే నిలిచాయి. తోలు పట్టుకున్న జగదాంబ ఒక్కతే కదలగలిగింది. వదిలేస్తే అన్నీ మళ్ళీ నడిచాయి.

"ఓహో, గుణం తోలుదా," అనుకుని, దాన్ని కొంగుకు ముడేసుకుంది.

మూల మీది సైకిల్ షాపు నుంచి కొత్త వాషర్ తెప్పించి, ఆముదంలో గంటసేపు నానబెట్టి బిగించింది. తర్వాత ఇంజను నడుస్తుండగా గాలీ పెట్రోలూ కలిసే స్క్రూ పట్టుకుంది. లోపలికి తిప్పితే చిలకమ్మ దగ్గింది. బయటికి తిప్పితే నల్ల పొగ కక్కింది. వెంట్రుకలో వెయ్యో వంతు వెనక్కి తిప్పింది, అంతే. పాలు తాగి పడుకున్న పిల్లిలా గుర్రు పెట్టింది.

రాములు తొక్కాడు. తొక్కీ తొక్కకముందే చిలకమ్మ గల్లీ చివర ఉంది. ఎవ్వరూ ఆగలేదు. ఆగుతామనుకుని రెడీగా ఉన్న టీకొట్టు ఆయన మాత్రం గ్లాసు దాటించి కాలి మీద పోసుకున్నాడు.

రెండింటికి ఫిల్మ్‌నగర్ బండరాళ్ళ మధ్య రోడ్డు దిగువలో కెమెరా పెట్టారు. ఎగువన చిలకమ్మ. దాని పక్కనే జగదాంబ, ఇంకా నమ్మకం కుదరక స్క్రాప్ వాడికి కలిపిన సెల్‌ఫోన్ చెవికి ఆనించుకుని సృజన్. యాభై గజాల కింద ట్యాంకర్ అడ్డంగా దాటాలి. చక్రం కింద నిమ్మకాయ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు.

"ట్యాంకర్ ముక్కు సున్నం గీత తాకంగనే తొక్కుత," అన్నాడు రాములు. "ముప్ఫై ఏండ్ల లెక్క."

జగదాంబ తలూపింది. డైరెక్టరు యాక్షన్ అన్నాడు. ట్యాంకర్ ముక్కు సున్నం గీతకు చేరుతుండగా ఆమెకు ఆ మాట మళ్ళీ చెవిలో మోగింది. ముప్ఫై ఏండ్ల లెక్క! అంటే మూడు అంకెలు ముందే తొక్కుతాడు. బండికి ఆగే రోగం పోయింది, కాలికి ఆ లెక్క పోలేదు. కార్బురేటర్ ట్యూన్ చేసింది గానీ మనిషి కాలు ట్యూన్ చెయ్యడం మరిచిపోయింది!

"రాములూ!" అని అరిచేలోపే తొక్కాడు. నిమ్మకాయ పేలింది. చిలకమ్మ ఉరికింది.

ఆమె కొంగుముడి పిడికిట్లో పట్టి నలిపేసింది.

ఆమెకు అయిదు గజాల దూరంలో చిలకమ్మ ఆగింది. చక్రాల వెనక లేచిన దుమ్ము దూదిలా నిలబడింది. రాములు విగ్గు సగం లేచి ఆగింది. సృజన్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది, ఫోన్‌లో అవతల స్క్రాప్ వాడు. దిగువన, ఇరవై గజాల అవతల, ట్యాంకర్ మాత్రం ఆగలేదు. నీళ్ళు తొణుకుతూ, గర్భిణిలా నింపాదిగా దాటింది. ఒకటి. రెండు. జగదాంబ కారు పక్క అద్దంలో రాములు మొహం చూసింది. కదలని ఆ కళ్ళు ట్యాంకర్‌ను చూడటం లేదు, అదే అద్దంలో కనబడుతున్న ఆమెను చూస్తున్నాయి. మూడు.

పిడికిలి వదిలింది. చిలకమ్మ ట్యాంకర్ తోక తడిని రాసుకుంటూ దూసుకుపోయింది. మధ్యలో ఆగిన ముక్క తీసెయ్యడానికి సినిమావాళ్ళకు కత్తెర ఉండనే ఉంది.

సృజన్ తెరిచిన నోటితో చెప్పాల్సింది చెప్పలేదు. ఆ మూడు అంకెల్లో ఏం ఆలోచించాడో గానీ, ఫోన్ కట్టేసి జేబులో పెట్టుకున్నాడు. "అమ్మా, ఈ కారు మీ షెడ్డులోనే ఉంచండి. అన్ని షాట్లకూ ఇదే, రాములు గారే," అన్నాడు.

రాములు నడుచుకుంటూ వచ్చాడు. "నువ్వే ఆపినవు గదా?"

"మరి? నీ కాలికి మెకానిక్ యాడ దొరుకుతడు? ఆ చెప్పు ఇటియ్యి."

యూసుఫ్‌గూడ చెప్పులాయన దగ్గర ఆ పాత తోలును రాములు కుడిచెప్పు అడుగున కుట్టించింది. ఇక కాలు తొందరపడదని ఆమె లెక్క. అది నిజంగానే పనిచేసింది. రాములు కుడికాలు ఎత్తినప్పుడల్లా చెప్పు వంగి, తోలు నలిగి, కృష్ణానగర్ ఆగేది. రెండు రోజుల్లో అందరికీ అలవాటైపోయింది.

మూడోరోజు పొద్దున్న జగదాంబ టీ గ్లాసు గడప బయటికి చాచింది. రాములు అందుకోలేదు. షట్టరు వదిలి, కుడికాలు ఎత్తి, గడప మీదికి తెచ్చాడు.

గల్లీ ఆగింది. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. డాన్సర్లు, ఆటోలు, కాకులు, అన్నీ ఆ కాలు వైపే చూస్తూ ఉండిపోయాయి. జగదాంబకు ముప్ఫై ఏళ్ళలో దొరకనంత తీరిక దొరికింది. బాగా ఆలోచించింది. ఇంకా సమయం మిగిలితే మళ్ళీ మొదటి నుంచి ఆలోచించింది.

కాలు లోపల పడింది. చేతులు కదిలాయి. జగదాంబ గ్లాసు పక్కన పెట్టి, రెండో స్టూలు మీది రెంచీలు ఒక్కొక్కటే తీసి కింద పెట్టడం మొదలుపెట్టింది.