స్టెల్లా కారుకు పాత గేరు

ఈ స్క్రూ మళ్ళీ మొండికేసింది, బిగించిందీ నేనే, విప్పలేక చస్తున్నదీ నేనే, అలెన్ కీ జారి బొటనవేలు కమిలింది, డైనింగ్ టేబుల్ మీద బొమ్మ కారు వెల్లకిలా పడుకుని నాలుగు చక్రాలూ పైకెత్తి వెక్కిరిస్తోంది, బొమ్మ అంటే స్టెల్లా ఊరుకునేది కాదు, బొమ్మ కాదు ఫిలిప్, బండి, అనేది, పెళ్ళయిన కొత్తలో ఈ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే, నేను రిమోట్ పట్టుకుంటే నేరుగా వెళ్ళి పిల్లర్‌ను గుద్దేది, తను పట్టుకుంటే అదే పిల్లర్‌ను రాసుకుంటూ మలుపు తిరిగేది, వాచ్‌మన్ కూడా కుర్చీ ఇటు తిప్పుకుని చూసేవాడు, ఐసీయూలో పసిపిల్లల నరం వెతికి సూది ఎక్కించే చెయ్యి మరి, ఆ చెయ్యి ఇప్పుడు కిటికీ పక్కన వీల్‌చైర్‌లో దిండు మీద ఉంది, ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది, ఒకటి రెండు వేళ్ళే కాస్త కదులుతాయి, కండరాలను ఒకటొకటిగా తినేసే నరాల జబ్బట, మందు లేదట, డాక్టర్ చెప్తుంటే నేను అన్నీ అడిగాను, స్టెల్లా ఒక్కటీ అడగలేదు, నర్సు కదా, అడగాల్సిన అవసరం లేకపోయింది.

ఇదిగో, వచ్చింది, మోటారు కడ్డీకి తగిలించే ఈ చిన్న పళ్ళచక్రమే పినియన్, పళ్ళు తక్కువైతే బండి నెమ్మదిగా, నమ్మకంగా పోతుంది, ఎక్కువైతే దూకుతుంది, ఇంతే శాస్త్రం, చలికాలంలో స్టెల్లా నడిపే బండి గోడలకు గుద్దుకోవడం మొదలైనప్పుడు తను నవ్వింది గాని నేను నవ్వలేకపోయాను, తను మధ్యాహ్నం పడుకున్నప్పుడు విప్పి చిన్న పినియన్ వేశాను, లేచి నడిపింది, గుద్దలేదు, వేలు ఇంకా బలహీనపడ్డాక ఇంకా చిన్నది వేశాను, ఆ తర్వాత రిమోట్ విప్పి, నొక్కితే బండి కదిలే ట్రిగ్గర్ వెనక స్ప్రింగ్ తీసేసి బాల్‌పెన్ స్ప్రింగ్ కత్తిరించి పెట్టాను, ఈగ వాలినా కదిలేంత మెత్తగా, ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఏముంది, ఆమె చెయ్యి దిగిపోతుంటే నేను బండిని దించుతూ వచ్చాను, రెండూ సరిసమానంగా దిగుతుంటే ఏదీ దిగనట్టే ఉంటుంది కదా, అంతవరకే అనుకున్నాను, ఆ శుక్రవారం గృహకూడిక ప్రార్థన మన ఇంట్లోనే పెడదామని అత్తమ్మ, స్టెల్లా వాళ్ళమ్మ, పట్టుబట్టకపోతే అంతవరకే ఉండేది.

హాలు నిండా జనం, కింద చాపల మీద కూర్చున్నారు, పాట అయిపోయి టీ ఇస్తున్నారు, స్టెల్లా వేళ్ళు కదిపింది, బండి చాపల మధ్య, కాళ్ళ మధ్య, టీ గ్లాసుల మధ్య మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి ఎవరికీ తగలకుండా సామ్యేలు అయ్యగారి పాదాల ముందు ఆగింది, అయ్యగారు పాస్టరే గాని పొంగిపోయే రకం కాదు, ఆయన కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అత్తమ్మ స్తోత్రం అని ఒక్క కేక, నా బిడ్డ చేతులకు బలమొచ్చింది, చూసిన్రా, మొన్నటిదాక గోడలకు గుద్దేది, చూసిన్రా, అని ఏడుస్తూ నా చొక్కా పట్టుకుని ఊపింది, అప్పుడు నా నోరు పెగిలి ఉంటే అది గేరు అత్తమ్మా అని ఒక్క మాటతో అయిపోయేది, పెగల్లేదు, ఎందుకు పెగల్లేదో, వాళ్ళ సంతోషం పాడు చేయడం ఎందుకనే అయి ఉంటుంది, అంతేగా మరి, ఆదివారం చర్చిలో సాక్ష్యం, దేవుడు చేసిన మేలు, అందరికీ చెప్పాలని అయ్యగారు అన్నారు, స్టెల్లా బండిని అందరి ముందూ నడపాలట, ఆ రోజు నుంచి అత్తమ్మ ఉపవాసం పట్టింది, షుగర్ మనిషి, పొద్దున మాత్ర వేసుకుని సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదు, నిన్న సింకు దగ్గర గిన్నె కడుగుతూ కడుగుతూ జారి కూలబడింది, చెమటతో జాకెట్ తడిసిపోయింది, నోట్లో చక్కెర పోశాను, తేరుకుని అన్న మొదటి మాట, దేవుడు పని మొదలువెట్టిండు అల్లుడా, నడిమిట్ల నేను తింటె ఎట్ల.

లోపల గదిలో ల్యాప్‌టాప్ మోగుతోంది, మీటింగ్, ఫిలిప్ ఆర్ యూ దేర్, మా మేనేజర్ భరత్, ఉన్నాను నాయనా, పళ్ళచక్రం ఎక్కిస్తున్నాను, నీ డాష్‌బోర్డ్ ఎక్కడికీ పోదు, పోయినా ఎవడూ ఏడవడు, కిటికీ అవతల మణికొండ నిండా సగం కట్టిన టవర్లు, క్రేన్ ఒకటి ఏమీ ఎత్తకుండానే తిరుగుతోంది, పొద్దున అత్తమ్మ బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కగానే స్టెల్లా పిలిచింది, మాట ముద్దగా వస్తుంది ఈమధ్య, దగ్గరికి వంగితే గాని అర్థం కాదు, ఫిలిప్, పాత గేరు మళ్ల పెట్టు, స్ప్రింగ్ కూడ, ఏ గేరు స్టెల్లా అన్నాను, యాక్టింగ్ చెయ్యకు, మోటార్ అరుపు మారింది, నాకు తెల్వదా, ఐసీయూల మిషన్ చప్పుడు జర మారితె నిద్రలకెల్లి లేచేదాన్ని, మొదటిసారి మార్చినప్పుడే తెలుసు, మరి ఎందుకు చెప్పలేదు అంటే కాసేపు ఊపిరి కూడదీసుకుంది, నువ్వు ఖుషీగున్నవ్ గద, అంది, తర్వాత, ఇగ చాలు, అమ్మ పడిపోతది, ఆమె ముంగటనే నడుపుత, పెట్టు, అంది, ఆదివారం దాకా ఆగుదాం అన్నాను, ఆదివారం అయితే ఏమవుతుందో నాకే తెలియదు, అయినా అన్నాను, పెట్టు ఫిలిప్, అంది.

రెండు గేర్ల మధ్య కాగితం ముక్క పెట్టి దగ్గరికి నొక్కి బిగించాలి, కాగితం లాగేశాక మిగిలిన ఆ సందు ఉంటేనే అవి కొరుక్కోకుండా తిరుగుతాయి, బిగించాను, పాత స్ప్రింగ్ రిమోట్‌లో పెట్టాను, నొక్కి చూస్తే నా వేలికే గట్టిగా ఉంది, ఒక్క క్షణం మళ్ళీ విప్పేద్దామనిపించింది, సరే, అయిపోయింది, బండిని నేల మీద పెట్టాను, రిమోట్ ఆమె ఒళ్ళో పెట్టి ఎడమ చూపుడువేలిని ట్రిగ్గర్ మీద ఆనించాను, వేలు చల్లగా ఉంది, అత్తమ్మ బైబిల్ మూసి వచ్చి సోఫా అంచున కూర్చుంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి, నడుపు బిడ్డా, జర చూస్త, అంది, స్టెల్లా నొక్కింది, ఏమీ కాలేదు, మళ్ళీ నొక్కింది, మెడ నరం ఉబ్బింది, భుజం వణికింది, బండి కదల్లేదు, అత్తమ్మ కళ్ళు మూసుకుని గొణుగుతోంది, నేను నేల మీద మోకాళ్ళ మీద ఉన్నాను, ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను, ఇంతలో స్ప్రింగ్ ఒక్కసారిగా లొంగింది, బండి దూకి టీవీ స్టాండ్‌ను గుద్దుకుని తిరగబడింది, చక్రాలు గాలిలో గిర్రున తిరిగి తిరిగి ఆగాయి.

ఎందుకు గిట్లయింది బిడ్డా, మొన్న మంచిగ నడిపినవ్ గద, అంటూ అత్తమ్మ లేచి బండిని తిరగేసి పెట్టబోయింది, ఏం కాలేదమ్మా, మొదటికెల్లి ఏం కాలేదు, ఫిలిప్ గేర్లు మార్చిండు, నా చెయ్యి ఎట్ల పోతుండెనో అట్లనే పోతున్నది, నువ్వు ఇగ తిను, ముక్కలు ముక్కలుగా అంది స్టెల్లా, అత్తమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది, వంటింట్లోకి వెళ్ళింది, కంచం చప్పుడు, మూత చప్పుడు, నిలబడే తింటోంది, అమ్మయ్య, పని అయింది, అనుకున్న పనే అయింది, ఎక్కడో గుద్దుతుందని నాకు తెలుసు, ఆ పినియన్ నా చేతులతోనే ఎక్కించాను, తెలిసినదే జరిగితే నేనెందుకు ఇంకా నేల మీదే ఉన్నాను, తిను అన్నప్పుడు స్టెల్లా అమ్మవైపు చూడలేదు, నా వైపు చూసింది, ఇంకా చూస్తూనే ఉంది, పోయిన వారం ఆమె డ్యూటీ బూట్లు అటక మీంచి దించాను, బూజు పట్టి ఉంటే సబ్బుతో కడిగి బాల్కనీలో ఆరబెట్టాను, మళ్ళీ తెల్లగా వచ్చాయి, ఇదే కిటికీ దగ్గర నుంచి చూసింది, ఎందుకని అడగలేదు, బూజు పట్టిందని నేనే చెప్పాను, బూజు కోసం ఎవరైనా కొత్త లేసులు కొంటారా, ఇప్పుడు మోకాళ్ళ మీద ఊపిరి బిగబట్టి నేను దేనికోసం చూశాను, పాత గేరు ఎక్కించి కూడా, గట్టి స్ప్రింగ్ బిగించి కూడా, బండి మెల్లగా సోఫా చుట్టూ తిరిగి వస్తుందేమోనని చూశాను, గేర్లు మార్చినవాణ్ణి నేనే అయినా ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ నమ్మినవాణ్ణి కూడా నేనే, ఆ సంగతి స్టెల్లాకు తెలుసు, పొద్దున పాత గేరు పెట్టమన్నప్పుడే తెలుసు.