ముప్పై ఎనిమిది పాయింట్ తొమ్మిది

నేను ఒక థర్మామీటరుని. గాజుదాన్ని కాదు, నాలో పాదరసం లేదు. జానెడు కూడా లేని తెల్లటి ప్లాస్టిక్ పుల్లని. మధ్యలో చిన్న అద్దం, అందులో అంకెలు. చంకలో పెట్టుకుంటే కాసేపటికి ఒంటి వేడి కొలిచి, బీప్ అంటాను. నాకు వచ్చిన మాట అదొక్కటే. ఆ మాట అన్న మరుక్షణం నన్ను లాగేస్తారు. ఎంత వెచ్చగా ఉన్నా, ఎంత దగ్గరగా గుండె చప్పుడు వింటున్నా, నోరు విప్పానంటే ఎడబాటే. ఇంకో రెండు క్షణాలు ఆగి చెబితే ఏం పోయిందని ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ నన్ను అలా తయారుచెయ్యలేదు.

జపాన్‌లో కొండల మధ్య ఉన్న చిన్న ఊళ్ళో పుట్టాను. తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు మమ్మల్ని వందలకొద్దీ గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో ముంచి, అందరం ఒకే అంకె చెబుతున్నామో లేదో చూశారు. తేడా చెప్పినవాళ్ళని పక్క బుట్టలో పడేశారు. అంచేత నిజం చెప్పడం నా మంచితనమేమీ కాదు, నా తయారీ అంతే. మనుషులు దాన్ని మెచ్చుకుంటారు. తమకి నచ్చని అంకె వస్తే మాత్రం, నాదే తప్పన్నట్టు మళ్ళీ పెట్టుకుని చూస్తారు.

నన్ను కొన్నది ఒక పసిపిల్ల తల్లి. ఆ పిల్ల పేరు చిహారు. పళ్ళొచ్చినప్పటి జ్వరం, బడికి వెళ్ళడం ఇష్టంలేక తెచ్చుకున్న జ్వరం, అన్నీ నాకే ముందు తెలిశాయి. నా వీపు మీద కుందేలు బొమ్మ అంటించింది. ఊరంతా మూతికి గుడ్డ కట్టుకుని తిరిగిన ఏళ్ళలో రోజూ పొద్దున్నే నన్ను చూసుకోనిదే ఇంట్లోంచి కదిలేది కాదు. మాట తక్కువ పిల్ల. క్లాసులో చెయ్యి ఎత్తాల్సి వస్తే గుండె దడదడలాడేది.

ఆ పిల్లకి పదహారో ఏట, వాళ్ళ బడివాళ్ళు పదకొండుమందిని రెండు వారాలపాటు కాకినాడ పంపించారు. పగలు అక్కడి బడిలో చదువు, మిగతా వేళల్లో ఒక్కొక్కరూ ఒక్కో ఇంట్లో ఇంటిమనిషిలా ఉండాలి. తెచ్చుకోవలసిన సామాన్ల పట్టీలో మొదటి పేరు నాదే. నాతోపాటు ఒక కార్డు. రోజూ పొద్దున్న ఏడున్నరలోగా ఒంటి వేడి ఎంతో అందులో రాసి, ఫోటో తీసి, వెంట వచ్చిన ఓగుచి టీచరుగారికి పంపాలి. ముప్పై ఏడున్నర దాటిందా, వెంటనే ఆ ఇల్లు వదిలి టీచరుగారి హోటల్‌కి వెళ్ళిపోవాలి. ఆ నియమానికి బతిమాలుకోవడాలు లేవు. మూడో రోజునే ఒక కుర్రాడికి ముప్పై ఏడు పాయింట్ ఆరు వచ్చింది. మర్నాటికి తగ్గిపోయినా అతన్ని తిరిగి పంపలేదు. హోటల్ కిటికీలోంచి కనబడే నీళ్ళ ట్యాంకు ఫోటో మిగతావాళ్ళకి పంపాడు పాపం. ఆ ఫోటో చూశాక చిహారు నన్ను ఇంకోసారి పెట్టుకుని చూసుకుంది.

మాకు దొరికిన ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు. చిహారు వయసే ఉన్న, ఇంట్లో వల్లి అని పిలిచే ప్రవల్లిక, బ్యాంకులో పనిచేసే వాళ్ళమ్మ సువర్చల, డెబ్బై ఆరేళ్ళ మామ్మ అచ్చాయమ్మ. మామ్మకి కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి సగం వినబడదు. బడి గడప తొక్కలేదు. నలభయ్యో ఏట, బెల్లం కట్టి ఇచ్చిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని, తనంతట తనే చదవడం నేర్చుకుంది. ఇప్పుడు పాత వారపత్రికలు గుట్టలుగా పెట్టుకుని, వేలితో వెతుకుతూ, పెదవులు కదుపుతూ చదువుతుంది.

ఈవిడా చిహారూ ఎలా కలిశారో చెబితే నమ్మరు. ఒకరి మాట ఒకరికి రాదు. మొదటి సాయంత్రం మామ్మ పళ్ళెంలో బియ్యం పోసి, ఆ పిల్ల వేలు పట్టుకుని "చి" రాయించింది. నాలుగు రోజుల్లో పేరంతా వచ్చేసింది. ఆ తరవాత చిహారు తనంతట తనే, ఎవరూ అడక్కుండా, చివరి శనివారం బడిలో జరిగే వీడ్కోలు సభలో తెలుగులో అయిదు వాక్యాలు చదువుతానని చెయ్యి ఎత్తింది. పదహారేళ్ళలో ఆ పిల్ల చెయ్యి ఎత్తడం నేనెరిగి అదే మొదటిసారి.

"మామ్మా, నువ్వూ రావాలి. ముందు వరసలో కూచోబెడతారంట," అంది వల్లి.

"బడికా? నేనా? ఈ వయసులో నా పేరు రాసుకుంటారేంటే?" అని నవ్వేసింది మామ్మ. కానీ మర్నాడే పెట్టెలోంచి గంధం రంగు నేత చీర తీసి, గంజి పెట్టించి, ఇస్త్రీకి ఇచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ శనివారం ఆ ఇద్దరికీ ఎంత ముఖ్యమో మీకు తెలియాలి.

మంగళవారం పొద్దున్న నా అద్దంలో ముప్పై ఏడు పాయింట్ ఎనిమిది వచ్చింది. చిహారు ఒక్క నిమిషం నన్నే చూసింది. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ అదే. కలం తీసి కార్డులో ముప్పై ఆరు పాయింట్ అయిదు అని రాసింది. బుధవారం నన్ను డబ్బాలోంచి తియ్యనే లేదు. ముప్పై ఆరు పాయింట్ నాలుగు అని రాసింది. నేను చెప్పని మాట నా పేరున రాయడం అదే మొదలు. చీకటి డబ్బాలో పడుకుని, ఆ పిల్ల పళ్ళు కొట్టుకోవడం విన్నాను. నాకున్నది ఒక్క మాట. అదీ ఎవరైనా చంకలో పెట్టుకుంటేనే.

గురువారం ఇంటివాళ్ళతోనే గడపమని పిల్లలకి సెలవిచ్చారు. వల్లికి పరీక్ష ఉండి వెళ్ళిపోయింది. సువర్చల బ్యాంకుకి వెళ్ళింది. ఇంట్లో మామ్మా చిహారూ మిగిలారు. పదకొండు గంటలప్పుడు బియ్యం పళ్ళెం ముందు కూచున్న పిల్ల వేలు, రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది. మామ్మ చెయ్యి అందుకుంది. వెంటనే అరచెయ్యి తిప్పి, మెడ మీద వెనకచెయ్యి ఆనించింది.

"ఓలమ్మో, పెనంలా ఉందేంటే! ఎప్పటినుంచే ఇది?"

"వద్దు, మామ్మసాన్," అంది చిహారు. సాన్ అంటే మా దేశంలో గారు. వద్దు అన్నది ఆ పిల్ల ఆ ఇంట్లో మొదట నేర్చుకున్న మాట, అన్నం దగ్గర. అక్కడా ఎప్పుడూ పనిచెయ్యలేదు.

మామ్మ సంచీ వెతికి నన్ను పట్టుకుంది. పిల్ల చంకలో పెట్టించింది. అంత వేడి నేనెన్నడూ ఎరగను. బీప్ అన్నాను. మామ్మకి వినబడలేదు. చిహారు మాత్రం విని, చటుక్కున నన్ను తీసి, బొత్తం నొక్కి ఆర్పేసింది. కానీ నాలో ఒక గుణం ఉంది. ఆర్పి మళ్ళీ వెలిగిస్తే, కిందటిసారి చూసిన అంకె ముందు చూపిస్తాను. మామ్మ నన్ను లాక్కుని బొత్తం నొక్కింది. కళ్ళజోడు సవరించుకుని చదివింది. 38.9.

అది ఎక్కువో తక్కువో తెలియలేదు. ఫోన్ తీసి కోడలికి చేసింది.

"ఏంటండీ అత్తయ్యగారూ?" సువర్చల గట్టిగా అరుస్తోంది, ఎడమ చెవి కోసం.

"పిల్లకి ఒళ్ళు కాలిపోతోందే."

"పుల్లలో ఎంతుందండీ?"

"ముప్పై ఎనిమిది. పక్కన చుక్కెట్టి తొమ్మిది."

"ముప్పై ఎనిమిదా? బతికున్న మనిషికి ముప్పై ఎనిమిది ఉంటుందాండీ! నూరు దాటితే కదా జ్వరం. బ్యాటరీ అయిపోయుంటుంది దానికి. పొద్దున్న కార్డు కూడా పంపింది, తేడా ఉంటే టీచరుగారే చెప్పేవారు. ఉక్కపోతకి అలా ఉంటుందండీ. మజ్జిగివ్వండి, సాయంత్రం వచ్చి చూస్తాను."

ఫోన్ పెట్టేసింది. సువర్చలది నిర్లక్ష్యం అనను. కాకినాడ ఇళ్ళల్లో జ్వరం నూరు దగ్గర మొదలవుతుంది, మా ఊళ్ళో ముప్పై ఏడున్నర దగ్గర. అవి రెండు లెక్కలని తెలుసుకోవలసిన అవసరం ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ పడలేదు. ఆ మాట తెలిసిన పిల్ల ఒక్కతే ఉంది. అది నోరు విప్పదు. నేను నిజమే చెప్పాను, అయినా నా నిజం ఆ గదిలో అబద్ధమై కూచుంది. నా బతుకులో అంత భయం వేసిన గంట ఇంకోటి లేదు.

మామ్మ మజ్జిగ చెయ్యలేదు. నిలబడే ఉంది. ఆవిడకి చిట్టి అని చెల్లెలుండేది. ఒంట్లో బాగాలేదన్న పిల్లని, ఏమీ లేదులే అని నలుగురూ అని, పెళ్ళివారితో బస్సెక్కించారు. చిట్టి ఆ బస్సులో తిరిగి రాలేదు. ఆ ఏడే ఆవిడ గాజు థర్మామీటరు ఒకటి కొని పెట్టెలో దాచింది. ఇప్పుడు ఆ పెట్టె తెరిచింది. రేకు గొట్టంలోంచి ముసలి గాజుపుల్లని తీసి, మణికట్టు విదిలించి విదిలించి పాదరసం దించింది. నన్ను కుడి చంకలో, దాన్ని ఎడమ చంకలో పెట్టింది. చిహారు రెండు చేతులూ తన చేతులతో అదిమి పట్టుకుంది.

మేమిద్దరం ఆ పిల్ల గుండెకి చెరో పక్క. గాజుపుల్ల మాట్లాడదు, మెల్లగా ఎక్కుతుంది. నేను బీప్ అన్నాను. పిల్ల కదలబోతే మామ్మ వదల్లేదు. గోడ గడియారంలో అయిదు నిమిషాలు చూసి, అప్పుడు ఇద్దర్నీ తీసి కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టింది. గాజుపుల్లలో నూట రెండు. నాలో ముప్పై ఎనిమిది పాయింట్ తొమ్మిది. ఇటూ అటూ మూడుసార్లు చూసింది, బెల్లం కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కున్నట్టే.

"ఒకటే జ్వరం," అంది, ఎవరితోనో. "ఇది మన లెక్క. అది వాళ్ళ లెక్క."

ఫ్రిజ్ మీద టీచరుగారి నంబరు అంటించి ఉంది. మామ్మ అటు నడవగానే చిహారు లేచి అడ్డం వచ్చింది. గోడ పట్టుకుని నిలబడింది. "వద్దు. సెన్సే వద్దు, మామ్మసాన్." సెన్సే అంటే టీచరుగారు. రెండు చేతులూ జోడించింది. తరవాత బియ్యం పళ్ళెం చూపించింది. ఇస్త్రీ అయి వచ్చి కుర్చీ మీద ఉన్న గంధం రంగు చీర చూపించింది.

ఆ హోటల్ కుర్రాడి సంగతి వల్లి చెప్పే ఉంది, ఫోన్ చేస్తే ఈ గంటలోనే పిల్లని తీసుకుపోతారని మామ్మకి తెలుసు. శనివారం ఉండదని తెలుసు. మళ్ళీ చూసే రాత తనకి ఉందో లేదో తెలియదని కూడా తెలుసు. నన్ను పిడికిట్లో బిగించి ఫ్రిజ్ దగ్గరికి నడిచింది.

"కోపమొస్తే రానీయే నీకు," అంది. "కోపం రావడానికైనా మనిషుండాలి కదా."

నంబరు నొక్కింది. అవతల టీచరుగారి గొంతు ఇంగ్లీషులో ఏదో అడిగింది. మామ్మకి సగం చెవి, పైగా రాని భాష. ఒక్క క్షణం తడబడింది. గాజుపుల్ల వైపు చూసింది. కాదని, నన్ను కళ్ళ దగ్గర పెట్టుకుని, కాకినాడలో కూరగాయలమ్మే మనిషికి కూడా వచ్చే ఇంగ్లీషు అంకెల్లో అరిచింది.

"చిహారూ! థర్టీ ఎయిట్! నైన్!"

ఇరవై నిమిషాల్లో కారు వాకిట్లో ఉంది.

ఓగుచి టీచరుగారు లోపలికి వస్తూనే నడుము వంచి క్షమించమన్నారు. మామ్మ చేతులు జోడించి, తప్పంతా తనదేనంది. ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండా ఇద్దరూ ఒకే మాట చెప్పుకున్నారు. కార్డు తీసి మూడు రోజుల అంకెలు చూసి, టీచరుగారు పిల్ల నుదుటి మీద చెయ్యి వేశారంతే. చిహారుని నడిపించి కారెక్కించారు. మామ్మ కారు అద్దం దగ్గర వంగుని నిలబడింది. చిహారు ముఖం తిప్పుకుంది. వెనక్కి చూడలేదు. కారు సందు తిరిగేదాకా మామ్మ అలాగే ఉంది, నేను ఆవిడ పిడికిట్లోనే ఉన్నాను. నన్ను అడగడం ఎవరికీ గుర్తు రాలేదు.

పిల్లని విశాఖపట్నం తీసుకెళ్ళారు, అక్కడి ఆసుపత్రిలో డెంగ్యూ అన్నారు. ఇంకో రోజు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నారని, మర్నాడు సాయంత్రం సువర్చల ఏడుస్తూ చెప్పింది. "మజ్జిగివ్వమన్నాను అత్తయ్యగారూ, మజ్జిగ!" అంటూనే ఉంది. శనివారం వచ్చింది, పోయింది. చీర పెట్టెలోకి వెళ్ళిపోయింది. తొమ్మిది రోజులకి పిల్లని అటునుంచి అటే విమానం ఎక్కించారని కబురొచ్చింది.

మామ్మ నన్ను గాజుపుల్ల పక్కన పెట్టుకుంది. రోజూ పొద్దున్న తీసి బొత్తం నొక్కేది. నా గుణం ప్రకారం నేను 38.9 చూపించేదాన్ని.

"తగ్గలేదే ఇంకా," అని గుండె పట్టుకునేది.

"అయ్యో మామ్మా, అది అప్పటి జ్వరమే! ఈ పుల్లకి పాతది గుర్తుంటుంది. ఇంకెవరైనా పెట్టుకునేదాకా అదే చూపిస్తుంది," అని వల్లి ఎన్నిసార్లో చెప్పింది.

"ఆ పిల్లది పోయి ఇంకొకళ్ళది రావాలా? వద్దులే," అనేది మామ్మ. మర్నాడు మళ్ళీ నొక్కేది. కోపం సంగతి ఎవరితోనూ అనలేదు. కానీ వాకిట్లో కారు ఆగిన చప్పుడైతే, వినబడని ఆ చెవులకి ఎలా తెలిసేదో, లేచేది.

నెల దాటాక ఒక ఆదివారం మధ్యాహ్నం వల్లి ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. చిన్న తెరమీద చిహారు. చిక్కిపోయింది, కళ్ళు పెద్దవైపోయాయి. మామ్మని చూడగానే నడుము వంచింది. ఎంతసేపటికీ లేవదే! తెరమీద నడినెత్తి పాపిట ఒకటే కనబడుతోంది.

"లేవమనవే. మెడ పట్టేస్తుంది," అంది మామ్మ.

చిహారు లేచింది. చేతిలో కాగితం. అందరికీ వినబడేలా, మామ్మ ఎడమ చెవికి కూడా అందేలా, అరిచి చదివింది.

"నా పేరు చిహారు. మా బడిలో నేను మాట్లాడను. కాకినాడలో మా మామ్మ ఉంది. మా మామ్మ బియ్యంలో అక్షరాలు నేర్పింది. మా మామ్మకి నా జ్వరం తెలిసింది."

అయిదో వాక్యం మామ్మ నేర్పింది కాదు. నాకు తెలుసు, అప్పటి అయిదూ పళ్ళెంలో రాస్తుండగా విన్నాను. చిహారు ఆగి, నాలాంటిదే ఒక కొత్త పుల్ల తెరకి దగ్గరగా పెట్టి చూపించింది. 36.5.

"మన లెక్కలో ఎంతే?" అంది మామ్మ.

వల్లి వేళ్ళు మడిచి, గాలిలో రాసి, "తొంభై ఏడూ ముప్పాతిక దాకా," అంది.

"అయితే సరే," అంది మామ్మ. అంతే అంది.

వల్లి ట్యూషన్‌కి వెళ్ళిపోయాక పెట్టె తెరిచి నన్ను తీసింది. బొత్తం నొక్కి 38.9 కాసేపు చూసింది. కొంగుతో తుడిచి, తన చంకలో పెట్టుకుంది. వారపత్రిక తీసుకుని, వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదవడం మొదలెట్టింది. ముసలి గుండె, మెల్లగా కొట్టుకుంటోంది, ఒక్కో దెబ్బా తడబడి, మళ్ళీ సర్దుకుని. పాత అంకె పోయింది. కొత్తది వచ్చింది, మామూలుదే.

బీప్ అన్నాను.

ఆవిడకి వినబడలేదు. పేజీ తిప్పింది. నేను చెప్పవలసింది చెప్పేశాను, ఎవరూ నన్ను లాగలేదు.