గాలి గొట్టంలో బొట్టు

మా లారీ అనంతగిరి ఘాట్ ఎక్కుతోంది. దాని గాలి గొట్టం మొదలు మాత్రం మా వంటింట్లోనే ఉంది. గొట్టం గడప దాటి, వీధి దాటి, అరవై కిలోమీటర్లు సాగి ఇంజన్‌లో కలుస్తుంది. వీధిలోవాళ్లు ముగ్గును దాటినట్టు దాన్ని తొక్కకుండా దాటి వెళ్తున్నారు.

తప్పు నాదే. పొద్దున్న శుక్రవారం పూజలో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. ముందు అద్దానికి పసుపు రాశాను. అప్పుడే మెకానిక్ గవరయ్య గాలి గొట్టం విప్పి లోపలి సెన్సార్ చూపించాడు. వెంట్రుకంత సన్నని తీగ. ఎంత గాలి వస్తోందో ఆ తీగ చెబితే, కంప్యూటర్ లెక్క కట్టి సరిగ్గా అంతకు తగిన డీజిల్ వదులుతుందట. అంత పని చేసేదానికి బొట్టు లేకపోవడం నాకు బాగుండలేదు. గవరయ్య అటు తిరగగానే ఉంగరపు వేలితో చిన్న బొట్టు పెట్టాను.

ఇప్పుడు తీగకు గాలి తగలడం లేదు. కంప్యూటర్ డబ్బా పూజగదిలో పీట మీద కూర్చుని నన్నే అడుగుతోంది.

"కుంకుమ ఎంత పెట్టారు?"

"చిటికెడు."

"ఎవరి చిటికెడు?"

ఆలోచిస్తాను. మా అత్తగారి చిటికెడు నాదానికన్నా పెద్దది. దేవుడు ఇద్దరిదీ ఒకేలా తీసుకున్నాడు. ఈ డబ్బా తీసుకోదు.

వంటింటి నేల వాలుతోంది. గిన్నెలు ఒక్కొక్కటే వెనక గోడకు జారుతున్నాయి. ఫోన్‌లో మా ఆయన.

"బండి లాగట్నేదు. పదహారు టన్నుల ఇనప సువ్వలు ఎనక్కి లాగేస్తన్నాయి. నువ్వేటైనా సేసినావేటే?"

లేదంటాను. కంప్యూటర్ ఆ అబద్ధాన్ని తూచి, అంత డీజిల్ తగ్గిస్తుంది. బిందె జానెడు జారుతుంది.

గవరయ్య వస్తాడు. రోలు పట్టుకుని, గట్టు పట్టుకుని, వంటింటి ఎత్తు ఎక్కి నా దగ్గరకు చేరతాడు. గొట్టంలోకి తొంగి చూస్తాడు.

"ఇంజను ముక్కులో బొట్టెట్టీసినావేటి వదినా? పడిశం పట్టిందనుకుంటంది. తుడిసీ."

"ఆయన బండికి పెట్టిన బొట్టు నా చేత్తో తుడవమంటావా?"

గవరయ్య నవ్వబోయి ఆగిపోతాడు. నువ్వే తుడువు అంటే చేతులు వెనక్కి పెట్టుకుంటాడు. తనకూ పెళ్లాం ఉందంటాడు. తీగ కడిగే మందు సీసా పొయ్యి గట్టు మీద పెట్టి, ఎత్తు దిగి వెళ్లిపోతాడు.

ఫోన్ మళ్లీ మోగుతుంది. ఈసారి ఆయన గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"ఎనక్కి జారతంది. ఎనకాల లోయ."

పూజగది వైపు తిరుగుతాను. స్వామీ, ఈ బొట్టు తియ్యమంటున్నది నువ్వా, నీ పక్కనున్న డబ్బానా? ఇద్దరి ముందూ ఒకే దీపం వెలుగుతోంది.

ఫోన్ పట్టుకుని నిజం చెబుతాను. "నేనే పెట్టాను. సెన్సార్‌కి." జారుతున్న బిందె ఆగుతుంది, కానీ వెనక్కి రాదు.

గొట్టంలో చెయ్యి పెడతాను. తీగ వేడిగా ఉంది. తుడవను. ఉంగరపు వేలి కొసకు బొట్టును ఉన్నదున్నట్టు ఎత్తుకుని, నా నుదుటి బొట్టు మీద పెట్టుకుంటాను.

"ఇప్పుడు ఎంత?" అని డబ్బాను అడుగుతాను.

"సరిపోయింది," అంటుంది. కొలత చెప్పదు.

ఘాట్ గాలంతా నా కనుబొమల మధ్య తగులుతుంది. గేరు మారిన చప్పుడు అక్కడే వినిపిస్తుంది. గొట్టం అరవై కిలోమీటర్లూ చుట్టుకుని వచ్చి, పిల్లిలా నా కాళ్ల దగ్గర పడుకుంటుంది.

అద్దంలో చూసుకుంటాను. ఆవగింజంత లారీ దీపాలు వెలిగించుకుని, నా బొట్టు దాటి పాపిట ఎక్కుతోంది. పొద్దున్న తిన్నగా తీసుకున్న పాపిటకు ఇప్పుడు మలుపులున్నాయి. పైన మంచు పడుతోంది. ఇంకా ఎంత దూరమో కనిపించదు.

తల కదపను. ఊపిరి చిటికెడు, చిటికెడు చొప్పున పీలుస్తాను.