ఏమైతే అదవుతుంది

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురం. జ్వరంతో మంచం పట్టిన నాన్న, ఆయన పక్కన పీట వేసుకుని విసనకర్రతో విసురుతున్న నాయనమ్మ, అన్నయ్య, అన్నయ్య స్నేహితుడు, నేను. అమ్మ పనికి వెళ్ళింది. ఆ స్నేహితుణ్ణి అందరూ ఫోకస్ అంటారు. చేతిలో ఫోను లేకుండా అతన్ని నేనెప్పుడూ చూడలేదు.

నాన్నా అన్నయ్యా ఎత్తైన భవనాలకు రంగులు వేస్తారు. అన్నయ్య తాడుకు కట్టిన బల్ల మీద కూర్చుని గోడ వెంట దిగుతాడు. పైన డాబా మీద నాన్న ఆ తాడును స్తంభానికి చుట్టి, కొంచెం కొంచెంగా వదులుతుంటాడు. దిగేవాడు ముందు "ఉన్నావా?" అని అరవాలి. పైనుంచి "ఉన్నా" అని వినబడ్డాకే కాళ్ళు పిట్టగోడ దాటించాలి. తాతయ్య కాలం నుంచీ ఇదే పద్ధతి.

"ఆ 'ఉన్నావా, ఉన్నా' తీసేయ్‌రా బాబూ. బడిలో హాజరు పిలిచినట్టుంది," అన్నాడు ఫోకస్ అన్నయ్యతో. "కాలరు ఎగరేసి, 'ఏమైతే అదవుతుంది' అని దిగిపో. నేను పైనుంచి వీడియో తీస్తా. మీ నాన్న లేచేలోగా వచ్చేద్దాం."

ఆ మాట వినబడని చోటు లేదు. సినిమాల్లో హీరో రైలు మీంచి దూకేముందు అదే అంటాడు. పాటల్లో డప్పుల మధ్య అదే అరుస్తారు. లారీల వెనక అదే, టీషర్టుల మీద అదే. మా బడిలో లెక్కల పరీక్ష రోజు వెనక బెంచీ వాళ్ళు బల్లలు చరుస్తూ అంటారు. నాకూ ఇష్టమే. మనసులో అనుకుంటే కాసేపు ధైర్యంగా ఉంటుంది.

అన్నయ్య అద్దం ముందు నిలబడి రకరకాలుగా అని చూసుకున్నాడు. నాయనమ్మ విసరడం ఆపింది.

"సినిమాలో అయితే కింద పరుపులు వేస్తారురా. నీకెవరు వేస్తారు, నేనా?"

"లైట్ తీస్కో నాయనమ్మా."

"తీసుకుంటాలే. ముందు నువ్వు కాస్త బుద్ధి తెచ్చుకో."

నాకు నవ్వు రాలేదు. వీడియో తీసేది ఫోకస్. నాన్న చూస్తే మంచంలో ఉన్నాడు. మరి తాడు దగ్గర ఎవరు? అడుగుదామని నోరు తెరిచాను. బయటివాళ్ళ ముందు నాకు మాట పెగలదు.

"చిన్నీ," అన్నయ్య గొంతు తగ్గించాడు. "నాన్న మంచం కింద తాడు చుట్ట ఉంది. చప్పుడు కాకుండా పట్రా."

మంచం కిందికి దూరి చుట్టను బయటికి లాగాను. నాన్న మూలిగి అటు తిరిగి పడుకున్నాడు. గుమ్మం దగ్గర ఫోకస్ అంటున్నాడు, "స్తంభానికి చుట్టాక ఏముందిరా? ఒక చేత్తో వదులుతా, ఇంకో చేత్తో తీస్తా."

నాన్న రెండు చేతులతో పట్టుకున్నా సాయంత్రానికి ఆయన వేళ్ళు వంగవు. చొక్కా గుండీలు అమ్మే విప్పుతుంది.

నేను ఆ చుట్ట మీద కూర్చున్నాను.

"ఏంటే? లే," అన్నాడు అన్నయ్య.

తల అడ్డంగా ఊపాను.

"ఏమైంది చెల్లెమ్మా?" ఫోకస్ నవ్వుతూ ఫోను నా వైపు తిప్పాడు.

"మీరు ఫోను పట్టుకుంటే తాడెవరు పట్టుకుంటారు?" ఆ గొంతు నాదేనా అనిపించింది. "ఒక్క చేత్తో అవదు. మా నాన్న వల్లే అవదు."

అన్నయ్య తాడు కొస పట్టి లాగాడు. నేను ఇంకా గట్టిగా అదిమి కూర్చున్నాను. "లేవవే, నాన్న లేస్తాడు," అన్నాడు పళ్ళ బిగువున.

"లేవనీ."

"దాని నోట్లోంచి మాట ఊడిపడిందంటేనే ఆలోచించాలిరా," అంది నాయనమ్మ.

అన్నయ్య తాడు కొస వదిలేశాడు. ఫోకస్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "పోనీలేరా, ఇంకోసారి చూద్దాం. మీ ఇంటికి సెక్యూరిటీ గట్టిగానే ఉంది," అని చెప్పులు వేసుకున్నాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా అన్నయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు. "పరువు తీశావు కదే. చెల్లెలికి భయపడి ఆగిపోయాడని ఊరంతా చెప్తాడు వాడు."

తన గదిలోకి నడిచాడు. తాడు చుట్టను రెండు చేతులా ఎత్తుకుని వెనకే వెళ్ళాను. కింద పెడితే మళ్ళీ పట్టుకుపోతాడేమోనని భయం.

"అన్నయ్యా, నాన్నకి తగ్గాక..."

నా మొహం మీదే తలుపు వేసుకున్నాడు.