తుమ్ముకు గట్టిమేళం

"ఇకమీదట మనం పెళ్లిమేళం కాదర్రా, కచేరీ బృందం! ఈ సీజనంతా తెనాలి, బాపట్ల, రేపల్లె జనం టిక్కెట్టు కొని, నోరు మూసుకుని వినాల్సిందే," అన్నాడు సన్నాయి హనుమయ్య.

"అట్టాగేనండి," అన్నాడు డోలు పేరయ్య.

తొలి కచేరీ రేపల్లెలో. హనుమయ్య కళ్లు మూసుకుని నీలాంబరి ఆలపిస్తుండగా, ముందు వరసలో పెద్దాయనొకడు హాచ్చిమని తుమ్మాడు.

పెళ్లిలో తుమ్ము ఎవరి చెవినా పడకుండా గట్టిమేళం మోగించడం పేరయ్యకు పాతికేళ్ల అలవాటు. డోలు దంచేశాడు. హాలంతా లేచి నిలబడి, చేతుల్లోని వేరుశనగపప్పుల్ని అక్షింతల్లా వేదికమీదికి విసిరింది.

హనుమయ్యకు ఒళ్లు మండిపోయింది. పేరయ్యను తిడదామంటే నోరు ఖాళీగా లేదు. పేరయ్యకంటే గట్టిగా గట్టిమేళం ఊదుతున్నది తనే.