మోత వెనక్కి, గాలి ముందరికి

"మోత వెనకాల ఉండనీ, గాలి ముందరికొస్తే సాలు" అన్నాడు మా ఆయన ఖాసిం. నేనప్పుడు వంటింట్లో టమోటాలు తరుగుతున్నాను. ఆయన మాట్లాడింది నాతో కాదు, పైపులు బిగించడానికి వచ్చిన బాలరాజుతో. ఆదోనిలో ఎవరో పంక్చరు షాపు ఎత్తేస్తుంటే పాత కంప్రెషర్ కొనుక్కొచ్చాడు. ఇంటి ముందరి షెడ్డులో పెడితే ఆ మోతకు గిరాకీలతో మాట్లాడటం కుదరదని వెనక, నా కుట్టు మిషను పక్కన, వంటింటి గోడ కానించి పెట్టించాడు. అక్కడి నుంచి నీలం రంగు పైపు గోడ వెంబడి ముందరికి, ఆయన బల్ల దాకా పోతుంది. దాని కొసకు గాలితో పిన్నులు కొట్టే గన్ను.

మాది ఎమ్మిగనూరులో సీట్ల పని. ఆటో సీట్లు, బైకు సీట్లు. బోర్డు మీద ఖాసిం సీట్ వర్క్స్ అని ఉంటుంది. రెగ్జిన్ కొలిచి కత్తిరించేది నేను, కుట్టేది నేను, స్పాంజి అతికించేది నేను. ఆఖరున కవరును సీటు మీద పరిచి నేను బలంగా లాగి పట్టుకుంటే ఆయన పిన్నులు కొడతాడు. పెళ్లయిన కొత్తలో నాతో ఏమేం మాట్లాడేవాడో గుర్తు లేదు గానీ, ఇన్నేళ్లుగా పని దగ్గర అన్న మాట మాత్రం ఒకటే. "గుంజి పట్టుకో." వేళ్లు తెల్లబడేదాకా గుంజి పట్టుకుంటాను. "ఖాసిం చెయ్యి పడితే ముడతే రాదప్పా" అంటూ గోనెగండ్ల నుంచి కూడా వస్తారు. ఆ ముడత ఎవరి వేళ్ల వల్ల రావడం లేదో సీటు మీద కూర్చునేవాళ్లకు తెలియకపోతే పోనీ. ఆయనకైనా తెలియాలి కదా.

ఆయన బయటికి పోయినప్పుడు పిన్నులు కొట్టేదీ నేనే, చేతి స్టాప్లర్‌తో. దాన్ని నొక్కీ నొక్కీ బొటనవేలి కింద వాచిపోయింది. రొట్టె తట్టాలంటే ప్రాణం మీదికి వస్తోంది. అందుకే కంప్రెషర్ వస్తోందంటే అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే.

బాలరాజు సామాను సర్దుకుంటూ, "ఇంత పైపు మిగిలింది, జాయింటు గూడా ఉంది. అక్క మిషను కాడ ఇంగో పాయింటు ఇచ్చేదా అన్నా? నువ్వు లేనప్పుడు ఆయమ్మ గన్ను ఆడ తగిలించుకుంటాది" అన్నాడు.

"ఆమెకేంటికప్పా గాలి? చేతిది ఉంది కదా" అన్నాడు ఖాసిం.

గడపలో కూర్చున్న మా అత్త దస్తగిరమ్మ మాత్రం నన్ను మరిచిపోలేదు. "మాబున్నీ, ఆ ట్యాంకు అడుగున నీళ్లు నిలుస్తాయంట. దినామూ వదలల్లంట. అది నువ్వే సూసుకో" అంది. కంప్రెషర్‌లో నా వాటా అట్లా తేలిపోయింది. మోత నాది, నీళ్లు నావి, స్విచ్చి వేసి తీసే పని నాది. గాలి ఒక్కటే నాది కాదు.

ట్యాంకులో గాలి తగ్గినప్పుడల్లా అది చెప్పాపెట్టకుండా మొదలవుతుంది. ఉలిక్కిపడతాను, కుట్టు వంకర పోతుంది. "ధ్యాస యాడ పెట్టినావు?" అంటాడు ఆయన. మా అమ్మ ఫోన్ చేస్తే వీధిలోకి పోయి వినాలి. తలనొప్పి అని అత్తతో అంటే, "మీ మామ పెద్దకడుబూరు దిక్కు దూది ఏకను పోతే నేనూ ఎంట పోయి దుమ్ము మింగినాను. ఒక దినమన్నా నోరెత్తినానా?" అని దగ్గింది. మామ పోయాడు, ఆ దుమ్ము ఇంకా ఈమె రొమ్ములోనే ఉంది. నోరెత్తనందుకు దక్కింది ఇదేనా అని నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, ఆమె తరఫున.

శుక్రవారం మధ్యాహ్నం తిమ్మప్ప ఆటో సీటు తెచ్చి ముందర కూర్చున్నాడు. కవరు కుట్టి ఇచ్చి, గుంజే పని లేని మొదటి పక్కకు ఆయన పిన్నులు కొట్టేలోపు తిందామని నేను అన్నానికి కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మోత మొదలైంది. లేచి స్విచ్చి తీసేశాను. మళ్లీ కూర్చుని తిన్నాను. ముందర గన్ను ఇంకాసేపు ఠక్కుఠక్కుమని, ట్యాంకులో మిగిలిన గాలి అయిపోగానే మూగపోయింది. ఖాసిం వెనక్కి వచ్చాడు.

"గాలి ఏమాయె?"

"నేనే నిలిపినాను. తింటాండాను."

"తిమ్మప్ప కాసుకోనుండాడే."

"ఉండనీ. నేనూ మనిషినే."

ఆయన చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. "నేను తినేంత వరకు అది ఎయ్యొద్దు" అన్నాను. ఆయన చెయ్యి దించి ముందరికి పోయాడు. నేను ఆ పూట మజ్జిగన్నం కూడా నిదానంగా కలుపుకున్నాను.

చెయ్యి కడుక్కుని బాలరాజు వదిలిపోయిన జాయింటు తీశాను. పైపు కోసి దీన్ని ఇరికిస్తే నా మిషను దగ్గరికీ గాలి వస్తుంది. ఇన్ని రోజులుగా అదే ఆశపడ్డాను. చేతిలో పట్టుకున్నాక మాత్రం వేరే సంగతి అర్థమైంది. గాలిని ఇక్కడికి తెచ్చుకుంటే, మోత పక్కనే నా చోటు అని నేనే ఒప్పుకున్నట్టు. జాయింటును అటక మీద పడేసి, స్విచ్చి వేసి ముందరికి నడిచాను.

బల్ల మీద గన్ను తీసుకున్నాను. అనుకున్నంత బరువు లేదు.

"గిరాకీల ముందర ఆడది పట్టుకునే సామానా అది?" అంది గడపలోంచి అత్త.

"రేపట్నుంచి మిషను గూడా ఈడికే తెస్తాండాను అత్తా. నువ్వు గూడా ఈడ కూచో, గాలి తగుల్తాది."

తిమ్మప్ప ఫోన్ చూస్తున్నట్టు తల దించుకున్నాడు. ఖాసిం ఎక్కడ నిలబడాలో తెలియక, ఎప్పుడూ నేను నిలబడే చోట ఆగాడు. కవరు అంచును ఆయన వైపుకి తోశాను.

"గుంజి పట్టుకో" అన్నాను. "ముడత రాగూడదు."