ఎడమ చెవి

ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. చెవిలో పాట నడుస్తోంది. పక్క గదిలోంచి అత్తగారు పిలిచారు, పలికాను. పలకడానికి నాకు పాట ఆపనక్కర్లేదు. ఇయర్‌ఫోన్ ఒకటి కుడి చెవిలో ఉంటుంది, రెండోది మెడ కింద వేలాడుతూ ఉంటుంది. కుడి చెవి నాది, ఎడమ చెవి ఇంటిది. పెళ్ళైన కొత్తలో రెండు చెవులకీ పెట్టుకుని ఇల్లు తుడుస్తుంటే అత్తగారు చాలాసేపు పిలిచారట, నేను పలకలేదట. సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పుతుండగానే, "కోడలు ఇంట్లో ఉన్నా లేనట్టే" అని ఆవిడ వాపోయారు. ఆయన గదిలోకి వచ్చాక నాతో మెత్తగానే, "పాటలే కదా, పని చేసుకుంటూ విను, ఎవరు కాదన్నారు? మనిషి మాత్రం అందుబాటులో ఉండాలి" అన్నారు. మర్నాటి నుంచి అందుబాటులోనే ఉన్నాను. ఇప్పుడు మా పాప హైస్కూలుకి వచ్చింది.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. అద్దాలు ఫ్రేముల్లో బిగించడం, వంగిపోయిన కాడలు సరిచేయడం, వచ్చినవాళ్ళ ముక్కు మీద కళ్ళజోడు జారకుండా కూర్చోబెట్టడం నా ఉద్యోగం. యజమాని కోసం ఎవరైనా వస్తే టీ పెట్టడం, షోకేసులు తుడవడం ఉద్యోగంలో లేవు, అయినా నావే. నాతో పాటు పనిచేసే మగవాళ్ళిద్దరికీ టీ పెట్టడం రాదట. నేర్పిస్తానంటే జోకు వేశాననుకుంటారు. ఎవరు ఎప్పుడు కేకేస్తారో తెలియదు కాబట్టి అక్కడా ఎడమ చెవి తెరిచే ఉంచాలి. ఇలా బస్సులో కాసేపు, షాపులో కాసేపు, వంటింట్లో కాసేపు, అతుకుల బొంతలాగా ఈ ఏడాది వచ్చిన పాప్ ఆల్బమ్‌లన్నీ విన్నాను. మా ఆయనకి ఇదో వినోదం. స్నేహితులొస్తే, "మా ఆవిడకి ఇంకా కాలేజీ పిల్లల జబ్బు తగ్గలేదు. ఎవరో కుర్రది మూలుగుతుంటే ఆ మూలుగే రోజంతా వింటుంది" అని చెప్పి నవ్విస్తారు. వాళ్ళ ముందునుంచి ఖాళీ కప్పులు తీస్తూ నేనూ నవ్వుతాను. నవ్వకపోతే మళ్ళీ అదో చర్చ.

ఏడాది చివర్లో ఒకావిడ కాడ ఊడిన కళ్ళజోడు పట్టుకుని షాపుకి వచ్చింది. నేను మర బిగిస్తుండగా ఆవిడ ఫోను మోగింది. మోగింది 'గది ఖాళీ లేదు' ఆల్బమ్‌లోని పాట. ఈ ఏడాది వచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదేనండీ అన్నాను, నోరు జారినట్టుగా. ఆవిడ ఫోను కట్టేసి, "ఎందుకు?" అని అడిగింది.

ఎందుకని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఇంకా వింటున్నావా అని అడిగారు, ఎప్పుడు ఆపుతావని అడిగారు. మర బిగించడం అయిపోయినా కళ్ళజోడు చేతిలోనే ఉంచుకుని చెప్పుకుపోయాను. ఆవిడ ఊళ్ళోని రేడియోలో సంగీత కార్యక్రమం నడుపుతుందట. ఏడాది ఆఖరి ఆదివారం ఉదయం పండితుల్ని కాకుండా మామూలు శ్రోతల్ని పిలిచి, ఆ ఏడాది వాళ్ళకి నచ్చిన ఆల్బమ్‌ల గురించి ప్రత్యక్ష ప్రసారంలో మాట్లాడిస్తుందట. మీరు రావాలి అంది.

ఇంట్లో చెప్తే మా ఆయన మొదట అడిగింది, "ఆదివారం పొద్దున్నేనా?" అని. ఆయన బెంగ ఆదివారం గురించి కాదు, పొద్దున్న టిఫిన్ గురించి. అత్తగారు పాటలు వినడంలో మాట్లాడేందుకు ఏముంటుందన్నారు. పాప మాత్రం తన పేరు ఎక్కడా చెప్పొద్దని, తన స్నేహితురాళ్ళు వింటే పరువు పోతుందని మాట తీసుకుంది. సరే అన్నాను. ఆదివారం అందరూ లేవకముందే మధ్యాహ్నం వంట కూడా చేసి మూతలు పెట్టి, ఏ గిన్నెలో ఏముందో అత్తగారికి అప్పజెప్పి, రేడియో స్టేషనుకి వెళ్ళాను.

స్టూడియో గదికి కిటికీ లేదు. గోడలన్నీ మెత్తగా ఉన్నాయి. రేడియో ఆవిడ ఎదురుగా కూర్చుంది. మొదట 'పాత నంబరు' గురించి చెప్పాను. చాలా ఏళ్ళు పాడటం మానేసి తిరిగొచ్చిన గాయని ఆల్బమ్ అది. గొంతు బొంగురుపోయింది, దాన్ని దాచుకోలేదు, అదే నాకు నచ్చింది అన్నాను. తర్వాత 'తడి గొడుగు'. అన్నదమ్ములిద్దరు కలిసి చేసింది. కాళ్ళు ఆడుతూనే ఉంటాయి, మనసు మాత్రం భారంగా ఉంటుంది, బస్సులో నిలబడి వినాలి అన్నాను. ఆవిడ తలూపుతుంటే నాకు ధైర్యం వచ్చింది. నా మాటలు ఎవరి పిలుపుకీ తెగిపోకుండా చివరిదాకా వెళ్తున్నాయి. వాక్యాన్ని ఇంత తీరుబడిగా ముగించి ఎన్నాళ్ళయిందో.

ఇక 'గది ఖాళీ లేదు'. అందులో నా ప్రాణమైన పాట ఒకటుంది. ఒకమ్మాయి ఒక మాట పాడి ఆగుతుంది. వెనక వాయిద్యం సన్నగా సాగుతుంటుంది. ఇంకో మాట పాడి మళ్ళీ ఆగుతుంది. నేను చెప్పాను: "ఈ పాటలో గొప్పదనమంతా ఆ ఖాళీల్లోనే ఉందండీ. ఆ అమ్మాయి అడుగుతుంది, ఎవరూ జవాబివ్వరు. జవాబు రాదని తెలిసీ ఇంకోసారి అడుగుతుంది. అలా అడగడం నాకు తెలుసు. అందుకే ఈ పాట నాది అనిపిస్తుంది."

"అయితే విందాం" అని ఆవిడ పాట వేసింది. వేసేముందు ఒక పెద్ద హెడ్‌ఫోన్ ఇచ్చి పెట్టుకోమంది. రెండు చెవులూ మూసుకుపోయాయి. అమ్మాయి గొంతు కుడివైపు నుంచి వచ్చింది, నాకు బాగా తెలిసిన గొంతు. మొదటి మాట పాడి ఆగింది. అప్పుడు ఎడమ చెవిలో ఇంకో గొంతు పలికింది.

వయసు మళ్ళిన ఆడమనిషి గొంతు. పాడటం కూడా కాదు, దగ్గర కూర్చుని చెప్తున్నట్టుగా, "ఉన్నానమ్మా, వింటున్నాను" అంది. అమ్మాయి ఇంకో మాట అడిగింది. ఎడమవైపు నుంచి మళ్ళీ జవాబు వచ్చింది. ప్రతి ఖాళీలోనూ ఆవిడ ఉంది. ఏడాది పొడుగునా ఆ అమ్మాయికి ఎవరో జవాబిస్తూనే ఉన్నారు. ఆ జవాబంతా నా మెడ కింద వేలాడుతున్న రెండో ఇయర్‌ఫోన్‌లోకి పోయింది. ఆ టైములో నా ఎడమ చెవి ఏం విన్నదో నాకు తెలుసు. టవల్ ఎక్కడ, రిమోట్ ఎక్కడ, ఇంకా టీ కాలేదా, ఇంట్లోనే ఉన్నావా. అవి వినడం కోసం ఈ గొంతుని పోగొట్టుకున్నాను. పోగొట్టుకున్నానని కూడా తెలియకుండా, ఆ నష్టాన్నే పట్టుకుని ఇది కళ, ఇది నా పాట అని ఇప్పుడే ఊరంతా వినేలా పొగిడాను. సిగ్గు వేసింది. సిగ్గు వెనకే కోపం వచ్చింది.

పాట అయిపోయింది. ఏమైందండీ అని ఆవిడ అడిగింది. ఏదో ఒకటి చెప్పి నెట్టుకురావచ్చు. నెట్టుకురావడం నాకు చేతకాని విద్యేమీ కాదు.

"ఇందులో రెండో గొంతు ఉందని నాకు ఇప్పుడే తెలిసిందండీ" అన్నాను. "నేను పాటలు ఒక్క చెవితోనే వింటాను. రెండోది ఇంట్లో ఎవరైనా పిలిస్తే పలకడానికి. కాబట్టి నేనిందాక చెప్పిందంతా తప్పు. ఈ ఏడాది నాకు నచ్చిన ఆల్బమ్‌లన్నీ నేను సగమే విన్నాను."

ఆవిడ గబగబా ఇంకో పాట వేసింది.

ఇంటికొచ్చేసరికి ముగ్గురూ హాల్లోనే ఉన్నారు. విన్నారని ముఖాలే చెప్తున్నాయి. తను ఏళ్ళ కిందట అన్న ఒక్క మాట ఇంకా గుర్తుపెట్టుకున్నానని అత్తగారు నొచ్చుకున్నారు. మా ఆయన మాత్రం నిజంగానే అర్థంకానట్టు చూశారు. అదే నాకు ఎక్కువ ఒళ్ళు మండించింది.

"ఒక చెవితో వినమని నీకు ఎవరైనా చెప్పారా?"

చెప్పలేదు. అదే కదా అసలు సంగతి. చెప్పి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. ఆయన గొంతు కాస్త తగ్గించారు. "నలుగురిలో అనేబదులు నాతో ఒక మాట అంటే సరిపోయేది. మంచి హెడ్‌ఫోన్ కొనిచ్చేవాణ్ణి కదా."

"కొనక్కర్లేదు" అన్నాను. "పిలవకండి, చాలు."

పాప నా వైపు చూసింది. దాని పేరు చెప్పనందుకు సంతోషించిందో, ఇంకేమైనా అనుకుందో తెలియలేదు. నేను హాల్లో వాలుకుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకున్నాను. అది ఎప్పుడూ ఆయనే కూర్చునే కుర్చీ. రెండు చెవులకీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని 'పాత నంబరు' మొదటి పాట నుంచి వేశాను. చేతులు ఖాళీగా ఒడిలో పెట్టుకున్నాను. వాటిని ఏం చేయాలో తోచక కాసేపు తెగ ఇబ్బంది పడ్డాను. పట్టపగలు, ఇంటిల్లిపాది ముందు, ఏ పనీ చేయకుండా కూర్చోవడం దొంగతనంలా ఉంది.

మూడో పాటలో ఉండగా ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డారు. పెదవులు కదిలాయి. ఏదో కనిపించడం లేదని చేతులతో చూపించారు. శబ్దం లేకుండా చూస్తే ఆ అడగడం ఎంత చిన్న పని కోసమో తెలుస్తోంది. లేవబోయిన మోకాళ్ళని అరచేతులతో అదిమి పట్టుకున్నాను. కళ్ళు దించుకోలేదు. ఆయన ఇంకాసేపు నిలబడి, అలమరా దాకా నడిచి, తలుపు తానే తెరిచారు.

పాట మారింది. నేను అలాగే కూర్చున్నాను.